టెల్వాడి మీద నా పరిశోధన

మా అమ్మకు నా ఉద్యోగం ఏమిటో ఇప్పటికీ సరిగ్గా అంతుపట్టలేదు. మా ఊరు హాలియాలో ఎవరైనా అడిగితే "మా బిడ్డ పాతసామాన్ల కాడ పెద్దమేడమ్" అని గొప్పగా చెబుతుంది. అది విని, తూకానికి పాత ఇనుము కొనే కొట్టు కాబోలనుకొని, మా వాడ చివరి ఇంటి ఆమె ఒకసారి నేను సెలవుకు వెళ్ళినప్పుడు పగిలిన ప్లాస్టిక్ బకెట్లు, తుప్పు పట్టిన కూలర్ స్టాండు పట్టుకొని గుమ్మం ముందు నిలబడింది. "జర మంచి రేటు కట్టియ్యి బిడ్డా, మనం మనం ఒకటి గద" అంది. నేనెంత చెప్పినా వినలేదు. చివరికి మా బాపు ఆ స్టాండు మా ఇంట్లోనే ఉంచుకొని, ఆమెకు చాయ్ తాగించి పంపాడు.

నేను మ్యూజియం అడ్మినిస్ట్రేటర్‌ని. అది కూడా మామూలు అడ్మినిస్ట్రేటర్‌ని కాదు, అంతర్జాతీయ ఆధునిక కళా పరిశోధనలో పాలుపంచుకున్నదాన్ని. ఈ ముక్క చెప్పగానే ఎదుటివాళ్ళు ఒకసారి నా చెప్పుల వైపు చూస్తారు. చూడనీ. నాకు ముక్కు మీద కోపమని అందరూ అంటారు గానీ, ఈ ఒక్క విషయంలో మాత్రం నాకు నవ్వే వస్తుంది. ఎందుకంటే నేను ఆ పరిశోధనలోకి వెళ్ళింది చదువుతో కాదు, ఒకే ఒక్క మాటతో. ఆ మాట కూడా నాది కాదు, మా అటెండర్ అన్నది.

ముందు ఆ మాట సంగతి చెప్పాలి. మా బాపు సాగర్ కాలువ కింద పరాయివాళ్ళ వరిపొలాల్లో పని చేసి నన్ను చదివించాడు. నేను నల్లగొండలో డిగ్రీ చదివేటప్పుడు ఒక లెక్చరర్ ఏదో ప్రశ్న అడిగితే లేచి నిలబడి "తెల్వది సార్" అన్నాను. క్లాసంతా నవ్వింది. తెలియకపోవడం తప్పు కాదట, తెల్వకపోవడం తప్పట. "తెలియదు అనమ్మా, తెలియదు" అని నా చేత మూడుసార్లు అనిపించి కూర్చోబెట్టాడు. అసలు ప్రశ్నకు జవాబు ఏమిటో మాత్రం ఆయనా చెప్పలేదు. ఆ కోపం నా కడుపులో అలాగే ఉండిపోయింది.

రాష్ట్రం వచ్చిన కొత్తలో అందరికీ ఒక హుషారు ఉండేది. మన భాష, మన బతుకు, మన సామాను అని ఊరూరా మాట్లాడుకునేవారు. ఆ హుషారులోనే హైదరాబాదులో ఒక సొసైటీవాళ్ళు, మక్తల్‌కూ నారాయణపేటకూ నడుమ ఉన్న ఒక చిన్న టౌనులో మ్యూజియం పెట్టారు. భవనం అంటే మార్కెట్ యార్డు పాత గోడౌను. ఒకప్పుడు కందుల బస్తాలు వేసేవారు. మేము ఎంత కడిగినా కందుల వాసన పోలేదు. నన్ను అడ్మినిస్ట్రేటర్‌గా వేశారు. నా కింద ఉన్న సిబ్బంది అంతా కలిపి ఒకే ఒక్క మనిషి.

ఆయనే మా అటెండర్ అన్న. యాభై దాటినవాడు, గొర్ల కాపరుల ఇంటివాడు. అటెండరూ ఆయనే, వాచ్‌మనూ ఆయనే, ఎవరైనా వస్తే గైడూ ఆయనే. ఉద్యోగం కాంట్రాక్టుది, ఏటేటా పొడిగించాలి. చేరిన రోజున "అన్నా, ఇన్ని వస్తువులు ఒక్కడివే చూసుకోగలవా?" అని అడిగితే గోడౌను నలువైపులా ఓసారి చూసి, "రెండొందల గొర్లను మలిపినోన్ని మేడమ్. ఇయ్యి కదలయి గద" అన్నాడు. నాకు ఆ క్షణమే ఆయన మీద గురి కుదిరింది.

వస్తువులు సేకరించిన పద్ధతి చెబితే మ్యూజియం చదువు చదివినవాళ్ళు కళ్ళు తిరిగి పడిపోతారు. ఒక ట్రాక్టరు మాట్లాడి, డప్పు కొట్టించి, ఊరూరా తిప్పాం. ఇంట్లో పాతవి ఏమున్నా ఇవ్వండి అన్నాం. జనం ఎగబడి ఇచ్చారు. ఇసుర్రాళ్ళు, విత్తనాలు వేసే చెక్క జడ్డిగాలు, ఎడ్ల మెడ గంటలు, మగ్గం చెక్కలు, చీర అంచుల ముక్కలు, గొంగళ్ళు, ఒక ఇంటివాళ్ళైతే పని చేయని మిక్సీ. ఎవరు ఏది ఇచ్చారో ఎవరూ రాయలేదు. ట్రాక్టరు గోడౌను ముందు అన్నీ గుమ్మరించి వెళ్ళిపోయింది.

హెడ్డాఫీసు నుంచి వచ్చిన రిజిస్టరులో ప్రతి వస్తువుకూ ఎనిమిది గడులు. వస్తువు, దేనితో చేసింది, కొలత, ఇలాంటివి. ఏడో గడి పైన "తయారు చేసినవారు" అని ఉంది. నేను రిజిస్టరు ముందు కూర్చున్నాను. అన్న ఒక్కొక్క వస్తువూ ఎత్తి చూపించేవాడు.

"ఇది ఎవలు జేసిండ్రే అన్నా?"

"తెల్వది."

మొదటి వరుసలో "తెలియదు" అని రాయబోయి, పెన్ను ఆపాను. ఆ లెక్చరర్ గుర్తొచ్చాడు. ఇంకా ఎవరికి భయపడాలి? రాష్ట్రం మనది, గోడౌను మనది, రిజిస్టరు మనది. గుండ్రటి అక్షరాలతో "తెల్వది" అని రాశాను. ఆ లెక్చరర్ నా వెనక నిలబడి చూస్తున్నాడని ఊహించుకొని మరీ రాశాను. మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా, వారం రోజుల పాటు, ఒక్క గడి వదలకుండా అదే మాట రాశాను. నా జీవితంలో అంత తృప్తిగా ఏ పనీ చేయలేదు.

తర్వాత ఏళ్ళు గడిచాయి. ఎండాకాలంలో బస్సు కోసం చూసేవాళ్ళు ఫ్యాను కింద నిలబడడానికి వచ్చేవారు. వానాకాలంలో తడవకుండా ఉండడానికి వచ్చేవారు. చలికాలంలో ఎవరూ వచ్చేవారు కాదు. ఒకాయన వచ్చి ఇసుర్రాయి చూసి, "ఇది మా ఇంట్ల ఇంక పెద్దగుంటది" అని చెప్పి వెళ్ళాడు. మా సందర్శకుల అభిప్రాయాల పుస్తకంలో ఉన్న ఒకే ఒక్క అభిప్రాయం కూడా అదే, అన్న రాసి పెట్టాడు.

హెడ్డాఫీసువాళ్ళు ఈ మధ్యలో మా రిజిస్టరును, వస్తువుల ఫోటోలతో సహా, ఇంటర్నెట్టులో పెట్టించారు. నగరంలో ఎవరో టైపు చేసేవాళ్ళకు పని అప్పగిస్తే, వాళ్ళు వస్తువుల పేర్లన్నీ ఇంగ్లీషులోకి మార్చారు. ఏడో గడిలో ఉన్నది మనిషి పేరు కదా, పేరును అనువదించకూడదు కదా అని, దాన్ని అలాగే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేశారు. నేను ఆ సైటు తెరిచి చూడలేదు. నా పనితనం మీద నాకు అంత నమ్మకం.

ఇంతలో ఒకరోజు హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మ్యూజియానికి జనం రావడం లేదు కనుక మూసేస్తున్నారు. వస్తువులన్నీ హైదరాబాదు స్టోరుకు తరలించాలి. నన్ను రికార్డు సెక్షనుకు వేస్తారు. కాంట్రాక్టు అటెండరు సేవలు ఆ నెలతో ముగుస్తాయి. అన్నకు చదివి వినిపించాను. ఆయన విని, "గట్లయితే వచ్చే నెలసంది తాళం ఎవలు తీస్తరు మేడమ్?" అని అడిగాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం కూడా వస్తుంది. ఆ రోజు చాయ్‌లో చక్కెర తక్కువైందని హోటలాయన మీద అరిచి వచ్చాను.

సరిగ్గా ఆ వారమే ఈమెయిల్ వచ్చింది. యూరప్ నుంచి ఒక ప్రొఫెసరమ్మ రాసింది. ఆమె పని, యూరప్ బయట పుట్టిన ఆధునిక కళ మీద పరిశోధన. మా సైటులో ఒక కళాకారుడిని చూసి ఆమెకు నిద్ర పట్టడం లేదట. ఒకే మనిషి ఉన్నిలో, రాతిలో, చెక్కలో, కంచులో ఇంత పని చేయడం ఆమె ఎక్కడా చూడలేదట. ముఖ్యంగా నల్లటి ఉన్ని మీద ఒకే ఒక్క తెల్ల గీత ఉన్న ఆ పని గొప్ప శూన్యాన్ని చూపిస్తోందట. ఈ టెల్వాడి గురించి దయచేసి వివరాలు పంపండి అని రాసింది.

నేను రెండుసార్లు చదివాను. టెల్వాడి ఎవరో నాకు అర్థం కాలేదు. మా దగ్గర అలాంటి మనిషి చేసిన బొమ్మ ఒక్కటీ లేదు. అన్నను పిలిచాను.

"అన్నా, ఈ టెల్వాడి ఎవలే?"

"తెల్వది మేడమ్."

"ఆ, గా టెల్వాడే. ఎవలాయన?"

"అరె, తెల్వది అంటున్న గద."

"నేను గూడ గదే అంటున్న. ఏ ఊరోడు?"

"ఎవలు?"

"టెల్వాడి!"

"తెల్వది!"

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నా చూపు మెల్లగా బల్ల మీద ఉన్న రిజిస్టరు వైపు వెళ్ళింది. గుండ్రటి అక్షరాలు, వరుసగా, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా. కడుపు పట్టుకొని నవ్వాను. అన్న నీళ్ళు తెచ్చిచ్చాడు. నీళ్ళు తాగాక భయం వేసింది.

వెంటనే నిజం రాసేద్దామని కూర్చుంటే ఫోన్ మోగింది. హైదరాబాదు నుంచి మా పెద్దసారు. ఆ ఈమెయిల్ ఆయనకు కూడా వెళ్ళింది. ఆయన అప్పటికే జవాబు ఇచ్చేశాడు. టెల్వాడి మా ప్రాంతపు ముద్దుబిడ్డ అని, ఆయన మీద పరిశోధనకు మా అడ్మినిస్ట్రేటర్ గారు అన్ని విధాలా సహకరిస్తారని రాసేశాడు.

"మేడమ్, అంత పెద్ద ఆర్టిస్టును పెట్టుకొని ఇన్నేండ్లు నోరు మెదపలేదేంది? మూసేసే ఫైలు ఆపించిన. ఇగ మీ మ్యూజియానికి ఢోకా లేదు."

"సార్, అదీ... టెల్వాడి అంటే తెల్వది సార్."

"తెల్వకుంటే తెలుసుకోండి మేడమ్! మీ ఉద్యోగమే అది గద!" అని ఫోన్ పెట్టేశాడు.

రెండోసారి ఫోన్ చేసి విడమరిచి చెప్పాను. "ఈ సంగతి ఇంకెవలకన్న చెప్పినరా?" అన్నాడు. లేదన్నాను. "అయితే చెప్పకండి. ఆమె రెండు మూడు మెయిళ్ళు రాసి మర్చిపోతది. టెల్వాడి ఉన్నన్ని రోజులు మ్యూజియం ఉంటది. టెల్వాడి పోతే మీ అటెండర్ పోతడు. మీ ఇష్టం."

గేటు దగ్గర అన్న తాళం చెవిని అంగీ కొసతో తుడుస్తున్నాడు. నేను నోరు మూసుకున్నాను. ఆ విధంగా నా అంతర్జాతీయ పరిశోధన మొదలైంది.

ఆమె మర్చిపోలేదు. పదిహేను రోజులకొకసారి మధ్యాహ్నం పూట వీడియో కాల్. నా ఇంగ్లీషు అంతంతమాత్రం, ఆమె ఇంగ్లీషు కూడా అంతే, అందుకే ఇద్దరికీ బాగా కుదిరింది. అబద్ధం చెప్పకూడదు, నిజమూ చెప్పకూడదు. అందుకని అడిగిన ప్రతిదానికీ అన్న ఏమంటే అది చెప్పాలని నియమం పెట్టుకున్నాను.

"ఆ నల్లటి శూన్యంలో ఒక్క తెల్ల గీత ఎందుకు వచ్చింది?" అని అడిగింది.

"నల్లవున్ని అయిపోయింటది" అన్నాడు అన్న.

వనరులు పరిమితం కావడం వల్ల అని చెప్పాను. ఆమె రాసుకుంది.

"ఆ పనికి కింది మూల అసంపూర్తిగా వదిలేశాడు. అది కావాలనేనా?"

"ఏదన్న కొరికింటది మేడమ్."

ఒక జంతువు ప్రమేయం ఉండవచ్చు అని చెప్పాను. ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. మనిషీ జంతువూ కలిసి చేసిన కళ అంటూ ఆమె ఒక పెద్ద వ్యాసమే రాసింది. అందులో కింద చిన్న అక్షరాల్లో నాకూ, అన్నకూ కృతజ్ఞతలు చెప్పింది. అన్న ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి ఇంట్లో పెట్టుకున్నాడు.

ఒక్కటే చిక్కు వచ్చింది. ఆమె లెక్క ప్రకారం టెల్వాడి పుట్టుక ఇసుర్రాయి నాటిది, చివరి రచన మిక్సీ. మనిషి చాలా కాలం బతికినట్టున్నాడే అంది. మా దిక్కు జొన్నరొట్టె తింటారు అన్నాను. ఇది మాత్రం అన్న చెప్పింది కాదు, నా సొంత పరిశోధన.

మా పెద్దసారు పత్రికవాళ్ళకు చెప్పినట్టున్నాడు, టౌనులో కూడా పేరు పాకింది. టెల్వాడి మక్తల్ దిక్కువాడని కొందరు, కాదు నారాయణపేట దిక్కువాడేనని కొందరు చాయ్ హోటల్లో గట్టిగా వాదించుకున్నారు. ఒక పెద్దమనిషి అయితే తన తాతా, టెల్వాడీ ఒకే ఎడ్లబండిలో తిరిగేటోళ్ళని చెప్పాడు. చౌరస్తాకు టెల్వాడి పేరు పెట్టాలని ఒక వినతిపత్రం నా దగ్గరికే వచ్చింది. విగ్రహానికి ఫోటో కావాలని మా పెద్దసారు అడిగాడు. ఆ మాట విన్న రోజు నుంచి అన్న నూనె రాసి తల దువ్వుకొని రావడం మొదలుపెట్టాడు.

నవ్వుకుంటూనే ఉన్నాను గానీ, లోపల సిగ్గుగానే ఉండేది. ఆమె మంచి మనిషి. కాల్ మొదట్లో ఎప్పుడూ అన్న ఎలా ఉన్నాడని అడిగేది. రెండేళ్ళు ఆమె తన పని అంతా మా గోడౌను మీద పెట్టింది. ప్రతి కాల్ తర్వాతా ఈసారి చెప్పేస్తాననుకునేదాన్ని. గేటు దగ్గర అన్న కనిపించేవాడు. ఈసారి వద్దులే అనుకునేదాన్ని.

చివరికి ఆమె స్వయంగా వస్తున్నానని రాసింది. యూరప్‌లో జరిగే పెద్ద ప్రదర్శనకు ఆ నల్లటి గొంగడిని లోన్ మీద తీసుకుపోతుందట. అంతకంటే ముందు టెల్వాడి కుటుంబాన్ని కలవాలట.

పెద్దసారుకు చెమటలు పట్టాయి. "కుటుంబం ఒకటి తయారు చెయ్యండి మేడమ్. ఒక్క ముసలామె సరిపోతది" అన్నాడు. అన్న తన చిన్నమ్మను తీసుకొస్తానన్నాడు. ఆమె అన్నకు తల్లి చెల్లెలు, పక్క ఊళ్ళో ఉంటుంది, ఎవరికీ భయపడదు. నాకు ఒక్క క్షణం కూడా నచ్చలేదు. కానీ ఆ నెలే అన్న కాంట్రాక్టు పొడిగించాల్సిన నెల. సరేనన్నాను. ఇది నేను చేసిన పనుల్లో అన్నింటికంటే చెడ్డది, దాచుకోను.

ఆ రోజు ప్రొఫెసరమ్మ వచ్చింది. పొడుగ్గా, సన్నగా, ఎండకు ఎర్రగా కందిపోయి ఉంది. పెద్దసారు శాలువా కప్పాడు. ఆమె గోడౌనులోకి అడుగు పెట్టగానే గట్టిగా గాలి పీల్చి, ఇక్కడ ఏదో పవిత్రమైన వాసన ఉంది అంది. కందులు అని చెప్పాను.

కాసేపటికి అన్న తన చిన్నమ్మను తీసుకొచ్చాడు. బస్సులో దారి పొడుగునా ఆమెకు ఒకే ముక్క నేర్పించాడు: "టెల్వాడి మా మామ. మంచోడు." ఆమె గుమ్మంలోనే ఆ ముక్క గట్టిగా అప్పజెప్పింది. నేను ఇంగ్లీషులో చెప్పాను. ప్రొఫెసరమ్మ రెండు చేతులూ జోడించింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్కడితో అయిపోయేది. కానీ ముసలామె చూపు అద్దాల పెట్టె మీద పడింది.

"ఓరి నీ... గిది మా ఇంట్ల గొంగడి గాదు?"

అన్న ఆమె కొంగు పట్టుకొని లాగాడు. "చిన్నమ్మా, నువ్వు జర ఊకో."

"ఎట్ల ఊకుంట? నేను మా అక్కోళ్ళూరికి పొయ్యొచ్చేసరికి నా కొడుకు గీ గొంగడి ఎవలకో ట్రాక్టరోళ్ళకు ఇచ్చిండంట. యాడాది దాక ఆనితోని మాట్లాడలె నేను. గీడున్నదా ఇది!" అని ఆమె నేరుగా వెళ్ళి అద్దం మీద చెయ్యి పెట్టింది.

ఆమె ఏమంటోందని ప్రొఫెసరమ్మ నన్ను అడిగింది. పెద్దసారు నా వైపు చూశాడు. ఆ చూపుకు అర్థం అందరికీ తెలుసు. అన్న మాత్రం నా వైపు చూడలేదు, నేల చూపులు చూస్తున్నాడు.

"అవ్వా, ఇది ఎవలు జేసిండ్రు?" అని అడిగాను. రిజిస్టరు రాసిన రోజు నుంచి ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న తెలిసినవాళ్ళను అడగడం అదే మొదటిసారి.

"ఎవలేంది? ఉన్ని నేను వడికిన. మా ఆయన నేసిండు. చింతగింజల గంజి నేనే పెట్టిన. గిదిగో, గీ తెల్ల పోగు సూసినవా? నన్ను అత్తగారింటికి తోలేనాడు మా నాయిన ఒక తెల్ల గొర్రెను ఇచ్చిండు. నా ఎన్కనే తిరిగేది. అది సచ్చిపోయినంక, దాని ఉన్ని ఒక్క పోగన్న ఉండాల్నని కొట్లాడి ఏయించిన. మా ఆయన వద్దన్నడు, నల్లగొంగట్ల తెల్లదేందని. నేను ఇనలె."

వనరులు పరిమితం అని చెప్పిన నోరు ఇదే. ఇన్నేళ్ళూ ఆమె పక్క ఊళ్ళోనే బతికింది, బస్సెక్కితే అర్ధగంట దూరం. ఆమెను అడగకుండా నేను అంతర్జాతీయ పరిశోధన చేస్తున్నాను. ఇంత సిగ్గు నాకు ఆ లెక్చరర్ ముందు కూడా వేయలేదు.

ముసలామె కింది మూల చూసి మళ్ళీ అందుకుంది. "గీ మూల గిట్ల లేకుండె! మంచిగుండె. మీరే ఎలుకలకు పెట్టిండ్రు!"

నేను ప్రొఫెసరమ్మ వైపు తిరిగి మొత్తం చెప్పేశాను. తెల్ల గొర్రె చెప్పాను, ఎలుక చెప్పాను, రిజిస్టరు తెచ్చి ఏడో గడి చూపించి తెల్వది అంటే అర్థం కూడా చెప్పాను. పెద్దసారు మధ్యలోనే బయటికి నడిచి డ్రైవరును కేకేశాడు.

ఆమె చాలాసేపు రిజిస్టరు పేజీలు తిప్పింది. మొహం పాలిపోయింది. తిడుతుందేమోనని నిలబడ్డాను, తిడితే పడదామనే నిలబడ్డాను. ఆమె కళ్ళద్దాలు తీసి, "అంటే రెండేళ్ళుగా నేను 'నాకు తెలియదు' అనే విషయం మీద పరిశోధన చేశాను" అంది. కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "మా ఆయన మొదటి నుంచీ అదే అంటున్నాడు" అంది. అంతే, నవ్వు మొదలైంది. ఇసుర్రాయి మీద కూలబడి నవ్వింది. ఎందుకు నవ్వుతోందో తెలియకపోయినా ముసలామె కూడా నవ్వింది. "పిచ్చిది పాపం, ఎండ గొట్టింది" అని నాతో అంది.

నవ్వు తగ్గాక ప్రొఫెసరమ్మ సంచిలోంచి, మా సొసైటీ సంతకం చేసి పంపిన ఖాళీ లోన్ కాగితాలు తీసింది. కళాకారిణి అనుమతి లేకుండా గొంగడి తీసుకుపోను, ఆమెను అడగమంది. అడిగాను.

"ఏడికి? సముద్రాలు దాటా? ఆడ ఏం జేస్తరు దీన్ని?"

"గోడకు పెట్టి చూస్తరంట అవ్వా."

"గోడకు సలి పెడ్తదా?" అంది ఆమె. "నాకు పెడ్తాంది బిడ్డా. సలికాలమొస్తాంది. నాదాన్ని నాకే ఇయ్యి."

రూలు ప్రకారం రిజిస్టరులోకి ఎక్కిన వస్తువును తిరిగి ఇవ్వడానికి లేదు. ఆ రూలు నేనే ఎందరికో చెప్పాను. కానీ లోన్ ఇవ్వవచ్చు. బల్ల మీద లోన్ కాగితాలు ఉండనే ఉన్నాయి. నేను కూర్చొని అరువు తీసుకునే సంస్థ పేరు దగ్గర అవ్వ పేరు రాయడానికి పేరేమిటని అడిగితే, "నా పేరా? దేనికి, పింఛనుకా?" అంది. ఆమె పేరు ఎవరైనా అడిగితే ఆ ఒక్క పనికే అడిగేవారట. చెప్పింది, రాశాను. లోన్ అనగానే "బ్యాంకోళ్ళొస్తరా?" అని భయపడింది, రారని ఒట్టు వేశాను. ప్రదర్శన స్థలం: మంచం. ప్రదర్శన ఉద్దేశం: చలి. ఉష్ణోగ్రత నియంత్రణ: పొయ్యి పక్కన. భద్రతా ఏర్పాట్లు: కుక్క ఉంది. కాలపరిమితి పదేళ్ళు. ఆమె వేలిముద్ర వేసింది, ప్రొఫెసరమ్మ సాక్షి సంతకం పెట్టింది.

పెద్దసారు ఊరికే ఉండలేదు. నెల తిరగకుండా మూసివేత ఉత్తరం మళ్ళీ వచ్చింది. నేను ఈసారి ఏడవలేదు, లోన్ కాగితాల వెనక ఉన్న చిన్న అక్షరాలు చదివాను. లోన్ మీద బయటికి పోయిన వస్తువు తిరిగొచ్చే దాకా ఇచ్చిన మ్యూజియం నడుస్తూనే ఉండాలి, మూడు నెలలకొకసారి మనిషి పోయి వస్తువు స్థితి చూసి రావాలి. ఈ షరతులన్నీ మా సొసైటీవాళ్ళు ఎప్పుడో ఏదో పెద్ద మ్యూజియం కాగితాలు చూసి దించుకొని సంతకం చేసినవే.

అన్నను మోపెడ్ మీద ఊళ్ళకు పంపాను. ట్రాక్టరు తిరిగిన దారిలోనే తిరిగాడు. ఇది మా అమ్మ విసిరిన రాయి, ఇది మా తాత చెక్కిన జడ్డిగం అని ఒక్కొక్కరే వచ్చారు. వచ్చినవారికల్లా ఏడో గడి కొట్టేసి పేరు రాసి, లోన్ ఇచ్చి పంపాను. మిక్సీని మాత్రం ఎవరూ మాదని ఒప్పుకోలేదు. ఎవరు చేశారు, ఎందుకు చేశారు అన్నది ప్రొఫెసరమ్మ మాతో కలిసి రాస్తోంది, ఇప్పుడు అన్న అడిగి తెలుసుకున్నదే రాస్తోంది. పదేళ్ళ లోన్లు వందకు పైగా ఊళ్ళల్లో ఉండగా మ్యూజియం మూయడం ఎలాగో హెడ్డాఫీసులో ఎవరికీ తెల్వది. అన్న కాంట్రాక్టు పొడిగించక తప్పలేదు, లేకపోతే తనిఖీలకు ఎవరు పోతారు?

మొదటి తనిఖీకి ఇద్దరం కలిసే వెళ్ళాం. పుష్యమాసపు పొద్దు, నోట్లోంచి ఆవిర్లు వస్తున్నాయి. వాకిట్లో మంచం మీద అవ్వ తల దాకా గొంగడి కప్పుకొని పడుకొని ఉంది. కాళ్ళ దగ్గర గొంగడి కిందినుంచి ఒక గొర్రెపిల్ల తల బయటికి పెట్టి మమ్మల్ని చూసింది. అన్న "చిన్నమ్మా" అని పిలవబోతే వద్దన్నాను. అద్దాల పెట్టెలో ఉన్నప్పుడు ఆ గొంగడిని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, కానీ అది ఊపిరి తీసుకోవడం అప్పుడే చూశాను. నిలబడే ఫారం నింపాను. వస్తువు స్థితి అన్న చోట ఇలా రాశాను: వెచ్చగా ఉంది.